ఆ బోర్డు మీద ఇంకో మూడు పేర్లు

కెరెన్ కయెమెత్ లెఇజ్రాయెల్ – జ్యూయిష్ నేషనల్ ఫండ్ పాలకవర్గానికి,
జెరూసలేం.

అయ్యలారా, అమ్మలారా,

భూములు కొని చెట్లు నాటే మీ సంస్థ కోసం యూదుల ఇళ్లలో ఉండే నీలం చందా డబ్బాలో నేను ఎప్పుడూ డబ్బులు వేసినవాణ్ని కాదు. మీ దేశంలో ఓటు ఉన్నవాణ్నీ కాదు. జగిత్యాల జిల్లా నుంచి వచ్చి 2011 నుంచి 2019 దాకా మీ దగ్గర ఒక ముసలామెకు కేర్‌గివర్‌గా పనిచేసినవాణ్ని. మా వైపు గల్ఫ్‌కు పోయేవాళ్లే ఎక్కువ. ఇజ్రాయెల్ పోయినవాణ్ని అదృష్టవంతుడి కింద లెక్కేస్తారు. నిజానికి నా అదృష్టం ఆ ముసలామే. పైకి అందరిలాగే హీబ్రూలో ‘సవ్తా’ అనేవాణ్ని, లోపల మాత్రం నాకు అవ్వ. నాకు హీబ్రూ నేర్పింది ఆమే. పోయినవాళ్లను గుర్తుపెట్టుకోవడమంటే ఏమిటో కూడా ఆమె దగ్గరే చూశాను. ఈ ఉత్తరం ఆ రెండో సంగతి గురించి: మీ కెనడా పార్కు బోర్డు మీద, అక్కడ ఒకప్పుడు ఉన్న మూడు ఊళ్ల పేర్లు కూడా రాయమని.

నేను వచ్చిన మొదటి ఏడాది, నాజీలు చంపేసిన యూదులను తలుచుకునే హోలోకాస్ట్ స్మరణ దినం నాడు పొద్దున పది గంటలకు సైరన్ మోగింది. రాకెట్లు పడుతున్నాయనుకుని నేను టెన్షన్‌తో వీల్‌చైర్‌ను షెల్టర్ గది వైపు తిప్పబోయాను. అవ్వ చక్రం మీద చెయ్యేసి ఆపింది. నా భుజం పట్టుకుని లేచి నిలబడింది. బాత్‌రూమ్‌కు కూడా నడవలేని మనిషి. రెండు నిమిషాలు ఆమె మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి, కూర్చోలేదు. కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు మీద బస్సు ఆగి ఉంది, డ్రైవర్ దిగి తలవంచుకుని నిల్చున్నాడు. వెనకాల కార్లన్నీ అంతే. ఒక దేశమంతా ఒక్కసారిగా ఆగిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆమె అలమరలో ఒక లావుపాటి పుస్తకం ఉండేది. రొమేనియాలో ఆమె పుట్టిన ఊరి నుంచి బతికి బయటపడ్డవాళ్లు చందాలు వేసుకుని అచ్చువేయించుకున్న యిజ్కోర్ పుస్తకం, అంటే స్మరణ పుస్తకం. చనిపోయినవాళ్ల పేర్లు పేజీలకు పేజీలు. మధ్యలో చేత్తో గీసిన ఊరి పటం. రొట్టెల బట్టీ, ప్రార్థనా మందిరం, దర్జీ ఇల్లు, గుర్రపుబండి తోలేవాడి ఇల్లు, బావి. పుస్తకం తెరిచిన ప్రతిసారీ అవ్వ ఆ బావి దగ్గర ఆగి విసుక్కునేది. “తప్పు గీశారు. బావి ఇటుపక్క ఉండేది, చెప్పులు కుట్టే ఆయన ఇంటి ముందు.” డెబ్భై ఏళ్ల కిందటి బావి. అది రోడ్డుకు ఏ పక్కన ఉండేదో ఆమెకు ముఖ్యం. ఆ పట్టుదల చూస్తే నాకు నవ్వొచ్చేది మొదట్లో. తర్వాత రాలేదు.

ఒక ఆగస్టులో వాళ్లబ్బాయి మమ్మల్ని పైన్ చెట్ల అడవికి తీసుకెళ్లాడు. ఏ అడవో చెప్పను, అలాంటివి మీ దేశంలో కొదవ లేవు. బల్లలు, నీళ్ల కుళాయి, పిల్లలకు ఉయ్యాల, బొగ్గుల మీద మాంసం కాల్చుకునే జనం, ఆ పొగ. నేను అవ్వను నీడలో కూర్చోబెట్టి అటు తిరిగాను. పైన్ చెట్ల మధ్య నాగజెముడు కనబడింది, నా తలకంటే ఎత్తు, నిండా పండ్లు. చిన్నప్పుడు మా ఊళ్ళో ఈ పండ్లు తిని నాలుకలు ఎర్రగా చేసుకుని ఒకళ్లకొకళ్లం చూపించుకునేవాళ్లం. మా పండ్లు చిన్నవి, ఎర్రవి. ఇక్కడివి గుప్పెడంతేసి, పసుపుపచ్చవి. ఆశపడి నాలుగు కోశాను. వేళ్ల నిండా నూగుముళ్లు దిగాయి.

కానీ నన్ను ఆపింది పండ్లు కావు. ఆ చెట్లు వరసగా ఉన్నాయి. పల్లెటూరివాణ్ని, ఇది ఎవరూ చెప్పక్కర్లేదు: నాగజెముడు దానంతటది వరసలో మొలవదు. ఎవరో కంచె వేశారు. కంచె ఉందంటే లోపల ఏదో ఉండేది. లోపలికి చూస్తే రెండు అంజూరపు చెట్లు, ఒక బాదం చెట్టు, పైకి పోయి ఎక్కడికీ చేరని నాలుగు రాతి మెట్లు.

“ఇక్కడ ఇళ్లుండేవా?” అని వాళ్లబ్బాయిని అడిగాను. “ఖిర్బె” అన్నాడు. శిథిలం అని. “పాతది. రోమన్ల కాలంది.” ఆయన అబద్ధమాడలేదు. బడిలోనూ సైన్యంలోనూ ఇన్నిసార్లు ఆ అడవులు నడిచిన మనిషికి ఎవరూ వేరే మాట చెప్పలేదంతే.

అవ్వ ఆ పూట ఏమీ అనలేదు. రాత్రి బెడ్‌ల్యాంప్ కింద నా చెయ్యి పెట్టుకుని పట్టకారుతో ముళ్లు తీస్తూ, “రోమన్లు కాదు” అంది. “నేను 1950లో ఓడ దిగేటప్పటికి గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. బట్టలు ఆరేసుకునే తీగ కూడా ఉండేది.” మరి కొడుక్కు ఎందుకు చెప్పలేదని అడిగాను. జవాబు రాలేదు. ఇంకో ముల్లు తీసి, కొంచెం కోపంగా, “మీ ఊళ్ళో 1948లో ఏం జరిగింది? చెప్పు” అంది.

నాకు తెలియదు. అంటే, సగం తెలుసు. రజాకార్లు ఏం చేశారో మా ఊళ్ళో పదేళ్ల పిల్లాణ్ని అడిగినా చెప్తాడు. సెప్టెంబర్‌లో సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక ముస్లింల మీద ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. మర్నాడు నాన్నకు ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఊరుకుని, “ఎందుకురా ఇప్పుడవన్నీ, జీతం పంపినవా?” అన్నాడు. నెహ్రూ ప్రభుత్వం అప్పట్లో సుందర్‌లాల్ కమిటీని పంపిందనీ, ఆ కమిటీ హైదరాబాద్ సంస్థానమంతా కలిపి 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని రాసిందనీ, ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదనీ నాకు తర్వాత తెలిసింది. కాబట్టి ఎత్తు పీట మీద కూర్చుని మీకు నీతులు చెప్తున్నానని అనుకోకండి. మన బాధను గట్టిగా చెప్పుకుంటూ మనవాళ్లు చేసింది మింగేయడం ఎలా ఉంటుందో, ఆ ఇంటి వాసన నాకు తెలుసు. అందుకే మీ ఇంట్లోనూ గుర్తుపట్టాను.

ఇక మీ సంగతి.

మీ సంస్థ 1901లో పుట్టింది. లోకంలో ఎక్కడెక్కడి యూదు ఇళ్లలోనో ఉన్న నీలం డబ్బాల్లో పడ్డ చిల్లరతో భూములు కొన్నది. ఇప్పటికి 24 కోట్ల చెట్లు నాటామని చెప్పుకుంటారు. కొన్న భూమి సంగతి వేరు. ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి 1948 యుద్ధంలో దాదాపు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లు విడిచి పోయారు, తరమబడ్డారు. తిరిగి రానివ్వలేదు. వాళ్ల పొలాలకు ‘హాజరులో లేనివారి ఆస్తి’ అని పేరు పెట్టి 1950లో చట్టం చేశారు. అలా ప్రభుత్వం చేతికొచ్చిన భూమిలో లక్షల దునాములు (నాలుగు దునాములంటే దాదాపు ఒక ఎకరం) ఆ రోజుల్లోనే మీ పేరు మీదికి వచ్చాయి. ఊళ్లు పడగొట్టాలి, మనుషులు తిరిగి రాకూడదు అని 1948లో ముందుండి నడిపించిన యోసెఫ్ వైట్స్ మీ భూముల విభాగం అధిపతే. ఈ దేశంలో రెండు జాతులకూ చోటు లేదని 1940లోనే డైరీలో రాసుకున్న మనిషి. ఆయన్నే మీరు అడవుల పితామహుడు అంటారు. రెండు పనులూ ఒకే చేతితో జరిగాయి. ఇందులో దాచడానికి ఏమీ లేదు, ఆ డైరీలు హీబ్రూలో అచ్చయ్యాయి.

మీ దేశపు పరిశోధకురాలే, నోగా కద్మాన్, లెక్కపెట్టారు: ఖాళీ అయిపోయిన 418 పల్లెల్లో 182 పల్లెల జాడలు ఇవాళ అడవుల్లో, పార్కుల్లో, విహార స్థలాల్లో ఉన్నాయి. అంటే దాదాపు ప్రతి రెండో ఊరి మీదా ఎవరో దుప్పటి పరుచుకుని భోజనం చేస్తున్నారు.

తెలియదనడానికి వీల్లేదు, అదే నన్ను ఎక్కువ కలవరపెట్టేది. యుద్ధం ముగిసీ ముగియకముందే, 1949లో, మీ రచయిత ఎస్. ఇజ్హార్ ఒక పల్లెను ఖాళీ చేయించిన సైనికుడి కథ రాశాడు. స్వయంగా ఆ యుద్ధంలో ఉన్నవాడు. ఆ కథ తర్వాత మీ బడిపిల్లలు చదివే పాఠాల్లోకీ ఎక్కింది. 1963లో ఎ. బి. యెహోషువా కథలో అడవికి కాపలా ఉన్నవాడి కళ్ల ముందే అడవి కాలిపోయి, కిందున్న అరబ్ పల్లె బయటపడుతుంది. 1969లో మోషే దయాన్, మీ సైన్యాన్ని నడిపించిన ఆ ఒంటికన్ను వీరుడే, టెక్నియాన్ అనే మీ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థుల ముందు నిలబడి చెప్పాడు: అరబ్ పల్లెల చోటనే మన పల్లెలు లేచాయి, ఆ పేర్లు మీకు తెలియవు, ఆ పేర్లున్న భూగోళం పుస్తకాలే ఇప్పుడు లేవు, పుస్తకాలే కాదు ఆ ఊళ్లూ లేవు అని. అంత సూటిగా చెప్పిన మాటను ఒక సమాజం ఎలా మర్చిపోతుంది? మర్చిపోలేదు. మా నాన్న లాగా ‘ఎందుకిప్పుడవన్నీ’ అంది.

తర్వాత్తర్వాత అది ఊరుకోవడంతో ఆగలేదు. 2011లో మీ పార్లమెంటు చట్టం చేసింది. స్వాతంత్ర్య దినాన్ని సంతాప దినంగా పాటించే సంస్థలకు ప్రభుత్వ నిధులు కోయవచ్చు. జనం దాన్ని నక్బా చట్టమనే పిలుస్తారు. నక్బా అంటే అరబ్బీలో మహా విపత్తు, 1948లో తమకు జరిగినదానికి పాలస్తీనీయులు పెట్టుకున్న పేరు. ఆ మాటను బడుల్లోంచీ సభల్లోంచీ తరిమారు. తీరా 2023 నవంబర్‌లో మీ వ్యవసాయ మంత్రి అవి దిక్తర్ టీవీలో కూర్చుని, ఇప్పుడు గాజా నక్బా చేస్తున్నాం అన్నాడు. జరగనే లేదన్నదాన్ని మళ్లీ చేస్తున్నామని ఎలా అంటారు? ఒక మాటను ఏడుపుగా వాడితే నిధులు కోస్తారు, బెదిరింపుగా వాడితే మంత్రి పదవి అలాగే ఉంటుంది. గాజా జనంలో ఎక్కువమంది 1948లో ఆ పల్లెల నుంచి వచ్చినవాళ్లూ, వాళ్ల పిల్లలూ మనవళ్లే. కంచెకు ఈవల ఉన్న తమ తాతల ఊరి మీద పైన్ చెట్లు పెరిగాయని వాళ్లకు తెలుసు. మీ పిల్లలకే తెలియదు.

మీరు 2023 అక్టోబర్ 7న హమాస్ చేసిన దాడి గురించి అడుగుతారు. అడగాలి. ఆ రోజు చంపబడ్డ దాదాపు 1,200 మందిలో నాలాగా ముసలివాళ్లను చూసుకోవడానికి పరాయి దేశాల నుంచి వచ్చిన కేర్‌గివర్లూ ఉన్నారు. నా తోటి తెలుగువాళ్లు షెల్టర్ల నుంచి పంపిన వాయిస్ మెసేజ్‌లు ఇంకా నా ఫోన్‌లో ఉన్నాయి, తీసేయలేదు. ఆ హత్యలకు ఏ పాత గాయమూ సమర్థన కాదు. అయితే ఆ దెబ్బ తర్వాత మీ దేశం చేసిన మొదటి పనుల్లో ఒకటి ఏమిటి? చనిపోయిన ప్రతి ఒక్కరి పేరూ, ఫోటో, ఊరూ చెప్పడం. బస్టాపుల్లో, గోడల మీద. అది చేయడం మీకు ఎంత బాగా తెలుసో చెప్పడానికే ఈ మాట.

అరబ్ దేశాల నుంచి తరిమేయబడ్డ యూదుల సంగతేమిటనీ అడుగుతారు. మా కింది అంతస్తులో బాగ్దాద్ నుంచి వచ్చిన తాత ఉండేవాడు. టైగ్రిస్ ఒడ్డున వాళ్ల ఇల్లు, కాల్చిన చేప వాసన, వదిలేసిన కుట్టుమిషన్, అన్నీ చెప్పేవాడు. ఆయన గురించి కూడా ఎక్కడైనా ఒక బోర్డు ఉండాలి, బాగ్దాద్‌లో ఉండాలి. ఒక బాకీ ఉందని ఇంకో బాకీ రద్దవదు కదా, మా ఊరి కిరాణా కొట్టువాడు కూడా అలా ఒప్పుకోడు.

మీ పార్కుల్లో ఒకదాని గురించి వివరంగా చెప్తాను, అందరికీ తెలిసినదే. టెల్ అవీవ్ నుంచి జెరూసలేం పోయే దారిలో, లాత్రూన్ దగ్గర కెనడా పార్కు. అక్కడ మూడు ఊళ్లుండేవి: ఇమ్వాస్, యాలో, బైత్ నూబా. ఇవి 1948వి కావు. 1967 జూన్ యుద్ధంలో పోరాటం అయిపోయాక జనాన్ని వెళ్లగొట్టి, ఇళ్లు కూల్చేశారు. ఆ రోజు అక్కడ డ్యూటీలో ఉన్న సైనికుడు, రచయిత ఆమోస్ కెనాన్, బైత్ నూబాలో తాను చూసింది రాసిపెట్టాడు. 1970ల్లో కెనడా యూదుల విరాళాలతో అక్కడ పార్కు వచ్చింది. దాతల పేర్లు పలకల మీద చెక్కించారు. రోమన్ల స్నానశాల గురించీ, క్రూసేడర్ల కోట గురించీ బోర్డులున్నాయి. జోఖ్రోత్ అనే సంస్థ, టెల్ అవీవ్‌లో 2002లో యూదులు మొదలుపెట్టినదే, పేరుకు అర్థం ‘గుర్తుంచుకునే స్త్రీలు’, ఆ ఊళ్ల ముచ్చట కూడా రాయమని అడిగి అడిగి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి బోర్డులు పెట్టారు. కొన్నాళ్లకే ఎవరో వాటిని పాడుచేశారు.

ఎవరు పాడుచేశారో నాకనవసరం. ఒక ఊరి పేరు చదవడమే భరించలేనంత భయం ఒక మనిషికి ఎలా కలిగింది? ట్యాంకులూ విమానాలూ అణుబాంబు కూడా ఉందనుకునే దేశంలో ఒక రేకు ముక్క మీది నాలుగు అక్షరాలకు! ఆ భయం కొంత మీ అడవుల్లోనే పెరిగింది. యాభై ఏళ్లు ‘ఇక్కడ ఏమీ లేదు’ అని చెప్పించుకున్నవాడికి, ‘ఉండేది’ అనే ఒక్క మాట దాడిలాగే వినబడుతుంది.

పైన్ చెట్లు త్వరగా పెరుగుతాయి, త్వరగా అంటుకుంటాయి. 2021 ఆగస్టులో జెరూసలేం కొండలు తగలబడ్డప్పుడు, బూడిద కింద నుంచి మెట్లు మెట్లుగా పాత సేద్యపు గట్లు బయటపడ్డాయి. కొండ మొత్తం ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. ఆ ఫోటోలు మా వాట్సాప్ గ్రూపులోకీ వచ్చాయి. మా వాళ్లలో ఒకడు, వరి పండించిన కుటుంబంవాడు, “ఇన్ని గట్లు కట్టాలంటే ఎన్ని తరాలు పట్టి ఉంటుందిరా” అని రాశాడు. వాడికి రాజకీయాలు తెలియవు, గట్లు తెలుసు. 2025 ఏప్రిల్ 30న, మీ స్వాతంత్ర్య దినానికి ముందు రోజు, మళ్లీ మంటలు. ఈసారి లాత్రూన్ వైపు, కెనడా పార్కు కూడా కాలింది. జెరూసలేం రోడ్డు మూసేశారు, వేడుకలు ఆపేశారు. అప్పటికి నేను ఇంటికి వచ్చేసి ఆరేళ్లు. ఫోన్‌లో ఆ వీడియోలు చూస్తుంటే నాకు ఆ నాగజెముడు గుర్తొచ్చింది. పైన్ కాలిపోయి బూడిదవుతుంది. నాగజెముడు వాడిపోతుంది, పడిన మట్ట పడినచోటే మళ్లీ వేరు పోసుకుంటుంది.

మా తెలంగాణలో మాటల్లో ఉర్దూ కలిసిపోయి ఉంటుంది. తొందరపడేవాణ్ని ‘జర సబర్ చెయ్’ అంటాం, కాస్త ఓపిక పట్టు అని. ఆ సబర్ అరబ్బీ నుంచే వచ్చింది. అక్కడ ఆ ఓపికకూ ఆ ముళ్లచెట్టుకూ ఒకే ధాతువు. ఆ గడ్డ మీదే పుట్టిన యూదుణ్ని మీరు గర్వంగా ‘త్సబార్’ అని పిలుచుకునేది కూడా ఆ చెట్టు పేరుతోనే. పైన ముల్లు, లోపల తీపి అని వివరిస్తారు. చెట్టు పేరు తీసుకున్నారు. దాన్ని కంచెగా నాటినవాళ్ల పేరు మాత్రం వదిలేశారు.

నేను చెట్లు నరకమనడం లేదు. ఎవర్నీ ఇల్లు ఖాళీ చేయమనడం లేదు. తిరిగి రావడం, నష్టపరిహారం, హద్దులు, అవి మీరూ పాలస్తీనీయులూ కూర్చుని తేల్చుకోవాల్సినవి, ఒక కేర్‌గివర్ చెప్పేవి కావు. భూమి ప్రభుత్వం ఇచ్చింది, మేం చెట్లు మాత్రమే నాటాం అంటారేమో. సరే, బోర్డు మాత్రం మీరే పెడతారు. పల్లెల పేర్లు రాస్తామనే మాట ఒకప్పుడు మీ సంస్థ వైపు నుంచే పత్రికల్లో వచ్చింది కూడా. కొత్తగా ఏమీ కోరడం లేదు, ఆ మాట అడుగుతున్నాను.

మీకేం సంబంధం అంటే, ఉంది. పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆగిపోయాక, గోడలు కట్టడానికీ టైల్స్ వేయడానికీ ఇప్పుడు మా పిల్లలు వస్తున్నారు, తెలంగాణ నుంచి కూడా. ఎవరి చోట్లో నిలబడి ఇటుక పెడుతున్నారో వాళ్లకు తెలిసి ఉండాలనుకుంటాను.

అవ్వ 2019 జనవరిలో పోయింది. పోయే ముందు వారం పుస్తకం తెప్పించుకుంది. చూపు పూర్తిగా తగ్గింది, నేనే పటం మీద ఆమె వేలు పట్టుకుని నడిపించాను. బావి దగ్గరికి రాగానే, “ఇటుపక్క” అంది. పాలస్తీనా పల్లెల వాళ్లూ ఇలాంటి పుస్తకాలే వేసుకున్నారు, చేత్తో గీసిన పటాలతో, ఎవరి ఇల్లు ఎక్కడో, ఏ బావి ఎక్కడో. ఆ బావి ఏ పక్కన ఉండేదని అమ్మాన్‌లోనో రమల్లాలోనో ఏ ముసలామె కూతురితో గొడవపడుతోందో!

కాలిన పార్కులో బోర్డులు ఎలాగూ కొత్తవి పెట్టాలి. రాయడానికి మీకు ఇబ్బంది లేకుండా మాటలు నేనే పంపుతున్నాను. హీబ్రూలో, అరబ్బీలో, ఇంగ్లీషులో వేయించండి:

‘ఇక్కడ ఇమ్వాస్, యాలో, బైత్ నూబా అనే మూడు ఊళ్లుండేవి. 1967 జూన్‌లో ఊరివాళ్లను పంపేసి, ఇళ్లు కూల్చేశారు. మీరు చూస్తున్న బాదం చెట్లూ, అంజూరపు చెట్లూ, నాగజెముడు కంచెలూ వాళ్లవి.’

చోటు చాలదంటే దాతల పేర్లలో ఒక్కటీ తీసేయనక్కర్లేదు. బోర్డు ఇంకో అడుగు పొడుగు చేయించండి.

ఇట్లు,
మీ దేశంలో ఎనిమిదేళ్లు వీల్‌చైర్ తోసిన జగిత్యాల జిల్లా మనిషి